అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ కొనరు: సొంత డిజైన్ నగల సమస్య, పరిష్కారం

సమస్య: మీరు మనసుపెట్టి చేసిన హ్యాంగింగ్స్‌ని కొనడానికి వచ్చినవాళ్లు చేతిలోకి తీసుకుని "ఎంత బావున్నాయో!" అంటారు. చెవి దగ్గర పెట్టి అద్దంలో చూసుకుంటారు. మళ్లీ అక్కడే పెట్టేసి, పక్కనున్న మామూలు ముత్యాల దిద్దులు కొనుక్కుని వెళ్లిపోతారు.

ఇలా రెండుసార్లు జరిగితే చాలు, "నా టేస్ట్ జనానికి ఎక్కట్లేదు" అని టెన్షన్ పడి అందరూ చేసే మోడల్‌కి మారిపోతారు. దయచేసి ఆగండి. ఆ నగని మీరు ఒక పూటంతా పెట్టుకుని చూశారా? నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చూడలేదనే చెబుతారు. చెవి దాకా వెళ్లిందంటే డిజైన్ నచ్చినట్టే. తేడా ఆ తర్వాతే వచ్చింది.

అసలు కారణం: నగ ఎటు తిరిగి వేలాడుతోందన్నది. దీని దెబ్బ నేను బాగా తిన్నాను. ఇత్తడి రేకుతో ఆకులు కోసి, సుత్తితో ఒక్కో ఈనె తేల్చాను. నాకు ప్రాణం అవి. ఒక్క జత అమ్ముడుపోలేదు. ఆకు చిన్నది చేశాను, ఈనెలు తగ్గించాను, చివరికి అందులో నా చెయ్యే కనబడకుండా పోయింది. అయినా పోలేదు. ఒకరోజు పెట్టుకుని పనిచేసుకుంటూ అద్దంలో చూస్తే, ఆకు పక్కకి తిరిగి ఉంది. ఎదుటివాళ్లకి సన్నటి అంచు తప్ప ఏమీ కనిపించదు. బల్ల మీద పడుకోబెట్టి చూసినంతకాలం ఈ సంగతి తెలియలేదు.

చెవికి తగిలించే కొక్కెం కింద సున్నాలా ఉండే తీగ చుట్టు మామూలుగా పక్కకి చూస్తుంది. దానికి ఒక్క జంప్ రింగ్‌తో (ముక్కల్ని కలిపే చిన్న తీగ రింగు) ఆకు తగిలిస్తే ఆకూ పక్కకే తిరుగుతుంది. ఇంకో రింగ్ కలపండి, లేదా ప్లయర్‌తో సున్నాని పావు చుట్టు తిప్పండి. అంతే, ఆకు ముఖం ముందుకి వస్తుంది. లాకెట్ బోర్లా పడుతుంటే రంధ్రం కిందికి ఉన్నట్టు; పైఅంచుకి దగ్గరగా వేయండి.

తర్వాత బరువు. ఒక్కో చెవికి 10 గ్రాములు దాటితే చాలామంది ఎక్కువసేపు ఉంచుకోలేరు. 18 గేజ్ రేకు మందం సుమారు 1 మిల్లీమీటరు, 22 గేజ్‌ది 0.64. రేకు మారిస్తే మూడో వంతు పైనే బరువు తగ్గుతుంది, ఆకు మాత్రం అదే ఆకు.

ఇంకో సమస్య: నగలు అమ్ముడుపోతున్నాయి, కానీ మీరు చేసినట్టు లేవు. అందరికీ నచ్చే సైజు, పొడవు అలాగే ఉంచి, సుత్తి గుర్తో, కొక్కెం వంపో, ఏదో ఒక్కటి ప్రతి నగలోనూ మీదిగా ఉంచండి. అన్నీ ఒకే నగలో కుక్కొద్దు.

ఫోటో, రంగు, సీజన్ అంటారా? అవి కారణమైన సందర్భాలు నేను చాలా తక్కువ చూశాను. ముందు పెట్టుకుని చూడండి, తల అటూ ఇటూ తిప్పండి, ఫోన్ చెవికి ఆనించండి. ఆ తర్వాతే డిజైన్ మీద చెయ్యి వేయండి.