మెదడు జబ్బులు, మనసు లక్షణాలు: అధ్యయనాలు చదవడం నేర్చుకుందాం – 6వ పాఠం: బారసాల తేదీ

ఐదో పాఠం చివర ఇచ్చిన లెక్క చాలామందికి తేడా కొట్టింది. "డిప్రెషన్ ఉన్నవాళ్ళలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది" అన్న వాక్యం ఇచ్చి (డిమెన్షియా అంటే మతిమరుపుతో మొదలై ఆలోచనాశక్తి తగ్గిపోయే జబ్బు), కారణం నుంచి ఫలితానికి బాణం గీయాలంటే ఎటు నుంచి ఎటు గీస్తారని అడిగాను. వచ్చిన జవాబుల్లో ముప్పాతిక వంతు డిప్రెషన్ నుంచి డిమెన్షియాకి గీసినవే. "ముందు అదే కదండీ వచ్చింది" అని కారణం కూడా రాశారు. తప్పు నాదే. ముందూ వెనకా చూసుకోమన్నాను గానీ, ఏ తేదీ పట్టుకుని చూడాలో చెప్పలేదు. ఈసారి స్కాన్ బొమ్మల గురించి రాద్దామనుకున్నాను. అది తర్వాత.

ఒక జవాబు మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. రాసింది ఒక కోడలు. ఏటా యాభై కాయలు ఆవకాయ పెట్టే అత్తగారు ఒక వేసవిలో "ఈసారి నువ్వే కలుపు" అని గోడవైపు తిరిగి పడుకున్నారట. డాక్టరు డిప్రెషన్ అన్నారు. బిళ్ళలు సరిగ్గా వేసుకోలేదు, వీళ్ళూ పట్టుబట్టలేదు. మూడేళ్ళకు అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) అని తేలింది. "అప్పుడే గట్టిగా మందులు వేయించి ఉంటే మతి పోయేది కాదేమో, మీ పాఠం చదివాక నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

కాబట్టి ఈ పాఠమంతా ఆ ఒక్క ముడి మీదే. రిస్కు నిష్పత్తి అంటే ఏమిటో మళ్ళీ చెప్పను, మూడో పాఠం తిరగేయండి.

బిడ్డ పుట్టేది ఒకరోజు, పేరు పెట్టేది ఇంకోరోజు. మనం బారసాల ఇరవై ఒకటో రోజున చేస్తే, మెదడు జబ్బుకి బారసాల ఏళ్ళ తర్వాత జరుగుతుంది. అధ్యయనాల్లో "డిమెన్షియా వచ్చిన తేదీ" అని ఉండేది ఆ బారసాల తేదీ, అంటే డాక్టరు కాగితం మీద పేరు రాసిన రోజు. దాన్ని పుట్టిన తేదీ అనుకుని, అంతకు మూడేళ్ళ ముందు కనిపించిన దిగులు "ముందు వచ్చింది" అంటే ఎలా? అప్పటికే లోపల జబ్బు నడుస్తూ ఉండవచ్చు. ఆ దిగులు కారణం కాక, జబ్బు మొదటి గుర్తే కావచ్చు.

"ఇది కాకతాళీయమేమో" అని కొందరు రాశారు. కాదు. కాకి వాలడానికీ తాటిపండు పడడానికీ ఏ సంబంధమూ లేకపోతేనే ఆ మాట వాడాలి. ఇక్కడ సంబంధం ఉంది, దిక్కే తెలియదు. ఈ రెండూ కలిపేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దిక్కు తెలియనప్పుడు "దారితీస్తుంది" అని రాసే పత్రికల మీదా అంతే. ఆ మాట కనిపిస్తే పెన్సిల్‌తో కొట్టేసి, "తోపాటు కనిపించింది" అని పైన రాసుకుంటాను. మీరూ అలవాటు చేసుకోండి.

ఇప్పుడు అసలు సరుకు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1985లో వైట్‌హాల్ 2 అనే అధ్యయనం మొదలైంది. అప్పటికి వాళ్ళ వయసు 35 నుంచి 55 ఏళ్ళ మధ్య. ఆ సమాచారం తీసుకుని అర్చనా సింగ్-మానూ బృందం 2017లో ఒక పేపరు ప్రచురించింది. మనిషి మనిషికీ 28 ఏళ్ళ దాకా లెక్క, మొత్తం 10,189 మంది, వాళ్ళలో డిమెన్షియా తేలింది 322 మందికి. 1985లో డిప్రెషన్ లక్షణాలు ఉన్నవాళ్ళను సగటున 27 ఏళ్ళు గమనిస్తే, వాళ్ళకు డిమెన్షియా రిస్కు పెరిగిందనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. అదే 2003లో లక్షణాలు ఉన్నవాళ్ళను 11 ఏళ్ళు గమనిస్తే, లక్షణాలు లేనివాళ్ళతో పోలిస్తే రిస్కు 1.7 రెట్లు! జనం వాళ్ళే, జబ్బూ అదే. మారింది, దిగులుకీ బారసాలకీ మధ్య దూరం.

తర్వాత ఆ బృందం జబ్బు తేలిన రోజు నుంచి వెనక్కి నడిచింది. నాకు ఈ పేపరు నచ్చింది ఇక్కడే. డిప్రెషన్ లక్షణాలను గీతలుగా గీస్తే, డిమెన్షియా వచ్చినవాళ్ళ గీతా, రానివాళ్ళ గీతా చాలా ఏళ్ళు పక్కపక్కనే నడిచి, తేలడానికి సుమారు 11 ఏళ్ళ ముందు విడిపోవడం మొదలైంది. దిగులు కారణమే అయితే పాతికేళ్ళ కిందటి దిగులుకి కూడా ఎంతో కొంత బలం ఉండాలి. ఇందులో అది స్పష్టంగా కనబడలేదు.

అలాగని బాణం తిప్పేసి చేతులు దులుపుకోకండి. 2023లో డెన్మార్క్ రిజిస్టర్లతో (దేశం మొత్తం జనం ఆరోగ్య రికార్డులతో) చేసిన పెద్ద అధ్యయనంలో, డిప్రెషన్ అని తేలి ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళలోనూ సంబంధం కనిపించింది. రెండూ కొట్టుకుంటున్నాయా? కొలిచిందేమిటో చూడండి. లండన్‌లో ప్రశ్నపత్రం మీద టిక్కులు, డెన్మార్క్‌లో ఆసుపత్రి దాకా వెళ్ళిన డిప్రెషన్. తీవ్రత వేరు, మనుషులు వేరు. నేనైతే సారాంశం చదవకముందే "ఎలా కొలిచారు" అన్న భాగానికి పోతాను.

పార్కిన్సన్స్‌లోనూ (చేతులు వణికి, కదలికలు మందగించే జబ్బు) ఇదే కథ. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, కలలో కాళ్ళూ చేతులూ విసరడం, దిగులు, ఇవన్నీ చేతి వణుకు కంటే ఏళ్ళ ముందే రావచ్చు. అయితే అక్కడ ఇంకో తేదీ ఉంది, మందు మొదలైన తేదీ. 2010లో వచ్చిన డొమినియన్ అధ్యయనంలో 3,090 మంది రోగుల్ని చూశారు. జూదం, విపరీతంగా కొనడం, తిండి యావ లాంటి అదుపులేని అలవాట్లు డోపమిన్ అగోనిస్ట్ మందులు (మెదడులో డోపమిన్ అనే రసాయనం చేసే పనిని చేసేవి) వాడేవాళ్ళలో 17.1 శాతం, వాడనివాళ్ళలో 6.9 శాతం. అక్కడ బాణం జబ్బు నుంచి గీస్తే సగం తప్పు, మందు నుంచి కూడా గీయాలి. (ఇది చదివి ఇంట్లో ఎవరి బిళ్ళలూ ఆపకండి, డాక్టరుతో మాట్లాడండి.)

ఆ కోడలికి ఇదంతా రాస్తూ ఒక ప్రశ్న అడిగాను: ఆ వేసవికి ముందు ఏడాది ఆవకాయ ఎలా కుదిరింది? రెండోరోజు జవాబు వచ్చింది. "ఉప్పు రెండుసార్లు పడింది. మా మామగారు నవ్వి ఊరుకున్నారు. అత్తయ్య నవ్వలేదు." ఒక ఇంటి జాడీతో సిద్ధాంతం తేలదు. కానీ ఆవిడ కాగితం మీద మొదటి తేదీ ఏడాది వెనక్కి జరిగింది. దిగులుకి మందు వేయించడం ఎప్పుడైనా మంచిదే, అది దిగులు తగ్గడానికి. మతిమరుపు మీవల్ల వచ్చిందనడానికి ఈ పేపర్లలో ఏ ఆధారమూ లేదని రాశాను.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే. మీ ఇంట్లోనో చుట్టాల్లోనో మెదడు జబ్బు తేలిన ఒక పెద్దాయనవో పెద్దావిడవో వివరాలు, ఇంటివాళ్ళు సరేనంటేనే తీసుకోండి. పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు అడ్డంగా గీత గీసి నాలుగు తేదీలు గుర్తుపెట్టండి: మొదటి మార్పు, మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళడం, జబ్బుకి పేరు పెట్టడం, ప్రతి మందూ మొదలవడం. మొదటి మార్పు గురించి ముగ్గురిని విడివిడిగా అడగండి, ఒకరి ఎదుట ఇంకొకరిని వద్దు. "ఎప్పటినుంచి మర్చిపోతున్నారు?" అని కాకుండా, "ఏ పని మానేశారు, ఏ పండగకి?" అని అడగండి. ముగ్గురూ మూడు సంవత్సరాలు చెబితే ఏదీ చెరపొద్దు, మూడింటికీ మూడు గీతలు పెట్టి పంపండి.