ఆగిపోయిన పాత కారు: అమ్మాలా, స్క్రాప్‌కి వేయాలా?

ఇంటి ముందు నెలల తరబడి కదలని కారుకి చాలామంది ముందు రేటు కనుక్కుంటారు. అంతకంటే ముందు అది ఎందుకు ఆగిందో తేల్చాలి. జబ్బేమిటో మీకే తెలియకపోతే కొనేవాడు ఇంజన్ పోయిందనే లెక్కగడతాడు.

సెల్ఫ్ తీసుకోవడం లేదు

తాళం తిప్పితే టక్‌టక్‌మని, లైట్లు మసకబారుతుంటే చాలావరకు బ్యాటరీ దిగిపోయినట్టే. పక్క బండి నుంచి జంపర్ కేబుల్ వేసి చూడండి. స్టార్ట్ అయిందంటే దాన్ని స్క్రాప్‌కి ఇవ్వొద్దు. బ్యాటరీ మార్పించి రన్నింగ్ కండిషన్‌లో అమ్మండి. సెల్ఫ్ తిరుగుతున్నా అంటుకోకపోతే ఫ్యూయల్ పంప్, ప్లగ్గులు, ట్యాంకులో నిల్వ ఉండి పాడైన పెట్రోలు చూపించండి. ఇవన్నీ బాగయ్యేవే. పానాతో క్రాంక్ పుల్లీ తిప్పినా కదలకపోతే మాత్రం ఇంజన్ సీజ్ అయి, అంటే లోపల బిగుసుకుపోయి ఉండొచ్చు.

పొగ వస్తోంది, వేడెక్కుతోంది

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతోందని అర్థం. రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉంటాయి. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ తగ్గిపోతూ, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా మారితే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మీద అనుమానపడాలి. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించకుండా ఇంజన్ విప్పనివ్వకండి. విప్పిన బండిని కొనేవాడు మరీ తక్కువకి అడుగుతాడు.

గాస్కెట్ ఒక్కటే అయితే ఖర్చు తట్టుకోవచ్చు. హెడ్ వంగినా, సిలిండర్లు అరిగి బోరుకి వచ్చినా కాగితం మీద లెక్క వేయాలి. ఉదాహరణకు మీ మోడల్, మీ సంవత్సరం బండి నడిచే స్థితిలో లక్షా 20 వేలు పలుకుతోంది, రిపేరుకి 55 వేలు అన్నారు. చేతికి మిగిలేది 65 వేలు. ఉన్నది ఉన్నట్టు అమ్మితే 50 వేలు వస్తాయంటే ఆ 15 వేల కోసం రిపేరు పెట్టుకోవడం నాకు నచ్చదు. విప్పాక ఖర్చు పెరగడమే ఎక్కువ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇద్దరు, ముగ్గురు మెకానిక్‌లను అడగండి. అంచనా చెప్పినవాడే బండి కొంటానంటే ఆ అంచనాను పక్కన పెట్టండి.

కింద తుప్పు, లేదా వరదలో మునిగింది

డోర్ల అంచున తుప్పుకి టింకరింగ్ సరిపోతుంది. సస్పెన్షన్ బిగించే చోట, ఛాసిస్ మీద స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడిందంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. స్క్రాపే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటిలా బండి మునిగితే సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. సమగ్ర ఇన్సూరెన్స్ ఉంటే ముందు క్లెయిమ్ చేయండి. రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టుగా తీసుకుంటారు. మునిగిన బండిని ఆ సంగతి దాచి అమ్మడం ఇంకో కుటుంబాన్ని ప్రమాదంలోకి నెట్టడమే.

ఆర్సీకి పదిహేనేళ్లు దాటాయి

సొంత కారు ఆర్సీ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూసి, గ్రీన్ ట్యాక్స్ కట్టించుకుని అయిదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు. ఆ ఖర్చునీ పై లెక్కలో కలపండి. ఫిట్‌నెస్ పాసయ్యే ఆశ లేకపోతే రిపేరు దండగ.

క్యాష్ ఇస్తా, కాగితాలేం వద్దంటున్నాడు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. పాత ఇనుప కొట్టువాడు బండిని ముక్కలు చేసినా ఆర్టీవో రికార్డుల్లో అది మీ పేరు మీదే బతికి ఉంటుంది. ముక్కలు చేయకుండా ఇంకొకరికి అమ్మితే ఇంకా ఘోరం. రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే ప్రమాద నష్టపరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మీ ఛాసిస్ నంబరు దొంగబండి మీదకి ఎక్కినా పోలీసులు మీ గుమ్మంలోకే వస్తారు.

అమ్మితే యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి, లోన్ ఉంటే ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్సీలో ఉండే బ్యాంకు తాకట్టు) తీయించి, ఓనర్‌షిప్ మారిందని ఆన్‌లైన్‌లో కనిపించేదాకా వదలకండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇవ్వొద్దు.

స్క్రాప్‌కి అయితే 2021 వాహన స్క్రాపింగ్ నిబంధనల కింద నమోదైన కేంద్రానికే ఇవ్వండి. బండి అప్పగించినట్టు అక్కడ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ చూపిస్తే కొత్త సొంత కారు మోటారు ట్యాక్స్‌లో 25 శాతం వరకు రాయితీకి వీలుంది. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీవోలో కనుక్కోండి. రిజిస్ట్రేషన్ ఫీజూ మినహాయిస్తారు. కొట్టువాడు నాలుగు వేలు ఎక్కువిస్తానన్నా, కొత్త కారు కొనే ఆలోచన ఉంటే ఈ సర్టిఫికెటే లాభం. తర్వాత రిజిస్ట్రేషన్ రద్దయిందో లేదో చూసుకోండి.

బండి ఇచ్చేముందు చలాన్లు కట్టేసి, ఫాస్టాగ్ మూయించండి. క్లెయిమ్ చేయని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ బోనస్ లెటర్ తీసుకుంటే కొత్త కారు ప్రీమియంలో తగ్గింపు వస్తుంది.