మెర్ట్సెన్ బీరు రుచి చూడడం ఎలా?

సెప్టెంబర్ వచ్చిందంటే జర్మనీలోనే కాదు, అమెరికాలోని క్రాఫ్ట్ బ్రూవరీల్లో (బీరు చేసే చిన్న సంస్థల్లో) కూడా రాగి రంగు లాగర్ (చల్లగా పులియబెట్టి చేసే బీరు) ఒకటి దిగుతుంది. బోర్డు మీద మెర్ట్సెన్ అనో, ఆక్టోబర్‌ఫెస్ట్ అనో రాస్తారు. ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీర్ల చేదుకి అలవాటుపడ్డవాళ్లు చాలామంది ఒక గుక్క తాగి, తియ్యగా ఉందని పక్కన పెట్టేస్తారు. ఆ తియ్యదనం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గమనిస్తేనే ఈ బీరు అర్థమవుతుంది.

జర్మనీలోని బవేరియాలో 1553 నాటి ఆజ్ఞ ప్రకారం సెప్టెంబర్ 29 నుంచి ఏప్రిల్ 23 వరకే బీరు తయారు చేయాల్సి ఉండేది. ఎండాకాలంలో చేస్తే పాడైపోయేది మరి. అందుకే మార్చిలో ఆల్కహాల్ కాస్త ఎక్కువ ఉండేలా చేసి, చల్లటి నేలమాళిగల్లో దాచి, శరదృతువు దాకా తాగేవాళ్లు. మెర్ట్సెన్ అంటే మార్చి బీరు అనే. ఇప్పుడు మ్యూనిక్‌లో జరిగే ఆక్టోబర్‌ఫెస్ట్ ఉత్సవంలో ఎక్కువగా పోసేది లేత బంగారు రంగు ఫెస్ట్‌బీర్. కాబట్టి ఆక్టోబర్‌ఫెస్ట్ అన్న పేరు చూసి సరిపెట్టుకోకండి, రంగు ఏమిటో అడిగి తీసుకోండి. సీసా కొంటుంటే గోధుమరంగు గాజుదే కొనండి, ప్యాక్ చేసిన తేదీ చూడండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగొద్దు. పది, పదిహేను నిమిషాలు బయట పెడితే 7 నుంచి 10 డిగ్రీల మధ్యకి వస్తుంది. మరీ చల్లగా ఉంటే వాసనే రాదు. మంచు పట్టిన గ్లాసు కూడా వద్దు. గ్లాసుకి సబ్బు, జిడ్డు లేకుండా చూసుకుని, వంచి పట్టుకుని పోయండి. చివర్లో నిలబెట్టి రెండు వేళ్ల మందం నురగ రానివ్వండి. గ్లాసు లోపలి గోడలకి బుడగలు అంటుకుంటే అది సరిగ్గా కడగలేదని గుర్తు.

వెలుతురులో చూస్తే బీరు తేటగా, రాగి రంగులో మెరవాలి. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చిన్నగా రెండు మూడుసార్లు వాసన పీల్చండి. మొదట వచ్చేది కాల్చిన బ్రెడ్ అంచు వాసన. అది మ్యూనిక్, వియన్నా మాల్టులది. మాల్ట్ అంటే మనకి కొత్తేమీ కాదు. రాగి మాల్ట్‌కి రాగుల్ని మొలకెత్తించి ఎండబెట్టినట్టే ఇక్కడ బార్లీని మొలకెత్తించి, వేడి గాలితో ఆరబెడతారు. ఆ వేడికే రంగూ, ఈ వాసనా వస్తాయి. హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన ఉన్నా లీలగానే ఉండాలి.

ఇక అసలు పని. ఒక మోస్తరు గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా నాలుకంతా తిరగనివ్వండి. ముందు బ్రెడ్ రుచి, నోటి మధ్యలో నిండుదనం, కొంచెం తియ్యదనం తెలుస్తాయి. మింగాక ముక్కుతో గాలి వదిలి, ఆగండి. మంచి మెర్ట్సెన్‌లో ఆ తియ్యదనం అక్కడే ఆగిపోతుంది. నోరు పొడిగా, శుభ్రంగా అయ్యి, ఇంకో గుక్క కావాలనిపిస్తుంది. పెదాలకి జిగురు అంటి, గొంతులో పాకం మిగిలితే ఆ బ్రూవరీ పని సరిగ్గా చేయలేదన్నమాట. నా లెక్కలో ఈ బీరుకి పెద్ద పరీక్ష ఇదే. క్యారమెల్ మాల్ట్ దండిగా వేసి రంగు తెప్పించినవి ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

వెన్న వాసన, ఉడికిన మొక్కజొన్న వాసన, తడిసిన అట్టముక్క వాసన, ఈ మూడూ లోపాలే. మొదటి రెండూ తయారీలో తేడా వల్ల వస్తాయి, మూడోది పాతబడితే వస్తుంది. గ్లాసులో పావు వంతు మిగిలాక మళ్లీ ఒకసారి వాసన చూడండి. వెచ్చబడ్డాక లోపాలు దాగవు.

పక్కన ఏం తినాలి? ఉప్పు ప్రెట్జెల్ (ముడి వేసినట్టుండే బ్రెడ్), కాల్చిన కోడి బాగా కుదురుతాయి. కారం పల్లీలు మాత్రం వద్దు, మాల్ట్ రుచిని మింగేస్తాయి. ఇందులో ఆల్కహాల్ సుమారు 6 శాతం. తేలిగ్గా దిగుతుంది కాబట్టి ఆ సంగతి మర్చిపోతాం. చిన్న గ్లాసే తీసుకోండి, ఇంటికి కారు తాగనివాళ్లు నడపాలి. వరసగా నాలుగు రకాలు రుచి చూస్తుంటే మెర్ట్సెన్‌ని ఐపీఏ కంటే ముందే తాగండి. హాప్స్ చేదు నాలుకకి పట్టాక ఈ బ్రెడ్ రుచి అందదు.