వరద నష్టం లెక్కింపుకు ముందు జాగ్రత్తలు

2024 సెప్టెంబరు బుడమేరు వాగు వరదకు విజయవాడలో గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుకు 10,000 రూపాయలు ప్రకటించారు. మళ్లీ వానాకాలం వస్తోంది కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి.

- లెక్కింపు రోజు ఇంట్లో ఒకరైనా ఉండండి. తాళం కనబడితే పేరు ఎక్కకపోవచ్చు, ఆ తర్వాత వార్డు సచివాలయం చుట్టూ తిరగాలి.

- గోడ మీది నీటి చారను కడిగేముందు ఫొటో తీయండి, డోర్ నంబరు కూడా పడాలి. మా ఇంట్లో చార స్విచ్‌బోర్డు దాకా వచ్చింది. బురద వాసన భరించలేక మొదటిరోజే కడిగేశాం, చూపించడానికి ఏమీ మిగల్లేదు.

- ఆధార్ ఏ ఖాతాకు లింకైందో బ్యాంకులో ఇప్పుడే అడగండి. సాయం నేరుగా ఖాతాలోకే వస్తుంది.

- అద్దెకున్నవాళ్లు అద్దె కాగితం, గ్యాస్ బుక్కు పైఅరలో పెట్టుకోండి. కరెంటు బిల్లు ఓనరు పేరునే ఉంటుంది కదా.

- ఓటీపీ ఎవరికీ చెప్పకండి.