నడిచి పనులు చేసుకునే చోట ఇల్లు చూసుకోవడం ఎలా?

ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు ముందు హాల్లో టైల్స్ చూస్తారు, తర్వాత వంటగది, ఆ తర్వాత వాస్తు. ఈ మూడూ కుదిరితే సాయంత్రానికల్లా అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నెల తిరిగేసరికి పెరుగు ప్యాకెట్‌కి కూడా బండి తీయాల్సి వస్తోందని, అమ్మ గుడికి వెళ్లాలన్నా ఆటో పిలవాల్సి వస్తోందని వాపోతారు. నెల్లూరులో, ఒంగోలులో బంధువులకీ స్నేహితులకీ ఇళ్లు వెతికిపెట్టడం నాకు చాలాకాలంగా అలవాటు. ఇదే బాధ ఇన్నిసార్లు విన్నాక చెప్పక తప్పడం లేదు: ఇంటికన్నా ముందు వీధిని చూడండి. అద్దెకైనా, కొనుక్కోవడానికైనా పద్ధతి ఇదే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. అరిగినా ఫర్వాలేదనుకునే చెప్పులు, ఫోను, ఒక కాగితం. వీటితోపాటు మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి.

మొదట ఇంట్లో అందరూ కూర్చుని వారంలో ఎవరెవరు ఎక్కడికి వెళ్తారో రాయండి. పాలు, కూరగాయలు, మందుల షాపు, బడి, ట్యూషన్, గుడో మసీదో చర్చో, బస్సెక్కే చోటు, బీపీ చూపించుకునే డాక్టరు. రోజూ వెళ్లేవాటి కింద గీత గీయండి. ఇల్లు వాటికి దగ్గరుంటే చాలు. సినిమా హాలు పక్కనే ఉందని, మాల్ ఎదురుగా ఉందని ఎక్కువ అద్దె ఇవ్వకండి. నెలకోసారి వెళ్లే చోటి కోసం రోజూ రాత్రి హారన్లు వినాల్సిన పని లేదు.

తర్వాత దూరం లెక్క. మామూలు మనిషి పది నిమిషాల్లో దాదాపు 800 మీటర్లు నడుస్తాడు. మోకాళ్ల నొప్పులుంటే అందులో సగం. మే నెలలో పగలు పదకొండింటికి ఎవరికైనా సగమే. కాబట్టి రోజువారీ పనులన్నీ 400 మీటర్ల లోపల ఉండాలి. కిలోమీటరు దాకా పర్లేదనే వాళ్లున్నారు. డిసెంబరు పొద్దున పూట అది నిజమే, రోహిణి కార్తెలో నిలబడదు.

పేటల సంగతికొస్తే, నాది పాత పేటల పక్షం. నెల్లూరులో మూలాపేట, రంగనాయకులపేట లాంటి చోట్ల కిరాణా కొట్టు, టిఫిన్ సెంటరు, టైలరు, గుడి అన్నీ వీధి చివరే దొరుకుతాయి. కొత్త లేఅవుట్లలో రోడ్లు వెడల్పు, గాలీ వెలుతురూ బాగుంటాయి. కానీ చాలా లేఅవుట్లలో కొత్తిమీర కట్ట కోసం కూడా మెయిన్ రోడ్డుకి రావాల్సిందే. పొగతోటలో ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులు పక్కపక్కనే ఉంటాయి. నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లుంటే దానికి మించిన చోటు లేదు. అక్కడ కూడా మెయిన్ రోడ్డు వదిలి రెండు వీధులు లోపలికి తీసుకోండి. దర్గామిట్ట వైపు తీసుకునేవాళ్లు రొట్టెల పండుగను లెక్కలో ఉంచుకోవాలి. మొహర్రంకి బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి లక్షల మంది వస్తారు, దారులు మళ్లిస్తారు. ఏడాదికి కొద్ది రోజులే గనుక దానికోసం మంచి ఇల్లు వదులుకోనక్కర్లేదు.

ఇక అసలు పని, అందరూ చెడగొట్టేది, నడిచి చూడటం.

"అంతా ఇక్కడికిక్కడే సార్, ఐదు నిమిషాలు" అని ఓనరు అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. బండి మీద ఐదు నిమిషాలే. ఫోనులో మ్యాప్ కూడా దూరం చెప్తుంది గానీ దారిలో ఏం దాటాలో చెప్పదు. నెల్లూరు ఊరి మధ్యలోంచి రైలు కట్ట పోతుంది. కట్టకి అవతల బడి కనిపిస్తూనే ఉంటుంది, కానీ పిల్లవాడు అక్కడికి చేరాలంటే అండర్ బ్రిడ్జి కిందుగా ఆటోల మధ్యలోంచి నడవాలి. పెద్ద వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి నీళ్లతో నిండిపోవడం ఊళ్లో అందరికీ తెలిసిందే. అందుకే, మధ్యలో అండర్ బ్రిడ్జి ఉంటే ఆ పనిని నడక లెక్కలోంచి కొట్టేయండి. పెద్ద రోడ్డు ఒకటి దాటాల్సి వస్తే 200 మీటర్లు కలుపుకోండి. ఒంగోల్లో కర్నూలు రోడ్డుకి ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క బడి అయితే ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్లి కాసేపు నిలబడి చూడండి. పుస్తకాల సంచి భుజాన వేసుకున్న పిల్లలు ఎలా దాటుతున్నారో చూశాక మీరే నిర్ణయించుకుంటారు.

రెండో చిక్కు కాలంతో. మనవైపు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. మనమేమో బడికి సెలవులని ఏప్రిల్, మే నెలల్లో ఇళ్లు వెతుకుతాం. అప్పుడు ప్రతి వీధీ పొడిగా, బాగానే ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలోనే వాన జాడ పట్టుకోవాలి. గేటు రేకు కింది భాగంలో తుప్పు ఎంత ఎత్తు దాకా ఉందో చూడండి. మోటారు స్టార్టర్ పెట్టె తలెత్తి చూసేంత పైన బిగించారా? చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ మూడేసి కొత్త మెట్లు కట్టారా? కిరాణా కొట్టులో బియ్యం బస్తాలు ఇటుకల మీద వేసిన చెక్కపై ఉన్నాయా? వీటిలో రెండు కనిపించాయంటే ఆ వీధిలోకి నీళ్లు వస్తున్నట్టే.

ఆ పైన ఇస్త్రీ బండి ఆయన్ని అడగండి. "ఇక్కడ నీళ్లొస్తాయా?" అని అడిగితే ఎవరైనా రావనే అంటారు, తమ వీధిని తక్కువ చేసుకోరు. "2021 నవంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయన్నా?" అని అడగండి. ఆ ఏడాది పెన్నకి వరదొచ్చి నది ఒడ్డు కాలనీలు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది. ఆ వాన ఎవరూ మరిచిపోలేదు. వెంటనే చేత్తో చూపిస్తారు, పాదం దాకా, మోకాలి దాకా అని.

మూడోది, వేళలు. ఒకే వీధిని కనీసం మూడు వేళల్లో నడవాలి: పాలొచ్చే వేళ, బడి వేళ, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత. రాత్రి నడకలో దీపాలు, కుక్కలు, సైడు కాలువ చూడండి. మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలా చోట్ల కాలువ మీది పలకలే. ఆ పలకల మీద బళ్లు పెట్టేసినా, నడుమ ఒకటి విరిగిపోయినా, మనిషి రోడ్డు మీదికి దిగాల్సిందే. ఇంట్లో ఆడపిల్ల డ్యూటీ ముగించుకుని రాత్రి బస్సు దిగేటట్లయితే, ఆ దారి ఆ అమ్మాయే నడిచి చూడాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. తండ్రి, అన్న నడిచొచ్చి "బాగానే ఉంది" అంటే చెల్లదు. వాళ్లని ఎవరూ తేరిపార చూడరు.

నెమ్మదిగా నడిచే మనిషిని తీసుకెళ్లమన్నది కూడా ఇందుకే. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని గుడి దాకా వెళ్లి రండి. మీరు ముందు నడవకండి, వెనకే ఉండండి. ఎక్కడ ఆగుతున్నారు, అక్కడ కూర్చోవడానికి అరుగైనా, నిలబడటానికి వేపచెట్టు నీడైనా ఉందా, పక్కనుంచి ఆటో పోతే దేన్ని పట్టుకుంటున్నారు, ఇవన్నీ చూడండి. తిరుగు ప్రయాణంలో "ఆటో పిలువు" అన్నారంటే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.

వీధి నెగ్గాక ఇంటి లోపలిది తేలిక. మొదటి అంతస్తే తీసుకోండి. కింద దోమలూ తేమా, అంతకన్నా పైన ఎండా మెట్లూ. మున్సిపల్ నీళ్లు ఏ వేళకొస్తాయో, ఎన్ని రోజులకోసారో ఓనరుని కాకుండా పక్కింటావిడని అడగండి. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే తాగడానికి క్యాన్ కొనాలి. సెల్ సిగ్నల్ వంటగదిలో చూడండి.

అద్దె వెయ్యో రెండు వేలో ఎక్కువ చెప్తే వెంటనే వెనక్కి తగ్గకండి. దూరంగా ఉంటే నెలకి పెట్రోలు, ఆటోలు, ట్యూషన్‌కి దింపి తెచ్చే మీ సాయంత్రాలు ఎంతవుతాయో అదే కాగితం మీద వేసి చూడండి. చాలామందికి ఆ ఎక్కువ అద్దే లాభం. అప్పుడు అడ్వాన్స్ ఇచ్చి రసీదు తీసుకోండి. సున్నం, మోటారు రిపేరు ఓనరు చేయిస్తానంటే ఏ తేదీలోపలో ఆ రసీదు మీదే రాయించుకోండి.