పన్నెండు టెన్సులు బట్టీ పట్టక్కర్లేదు, మొదటి వెర్బ్ చూడండి చాలు

స్కూల్లో ఇంగ్లీషు గ్రామర్‌లో పన్నెండు టెన్సుల టేబుల్ బట్టీ పట్టించారు కదా, నేనైతే పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయా. అసలు గొడవేంటంటే ఆ టేబుల్లో టెన్స్, ఆస్పెక్ట్ అని రెండు వేరు వేరు విషయాల్ని కలిపేసి అన్నిటికీ టెన్స్ అనే పేరు పెట్టేశారు. టెన్స్ అంటే పని ఎప్పటిది అని, ఆస్పెక్ట్ అంటే ఆ పని అప్పటికి నడుస్తూ ఉందా, అయిపోయిందా అని.

ఏ వాక్యం ఇచ్చినా ముందు మొదటి వెర్బ్ చూడండి, టెన్స్ దాంట్లోనే ఉంటుంది. తర్వాత హావ్ (హ్యాజ్, హాడ్ అయినా సరే) పక్కన వీ-త్రీ, అంటే ఈట్, ఏట్, ఈటెన్‌లో మూడోదాని లాంటి రూపం ఉంటే పర్ఫెక్ట్, బీ ఫామ్ పక్కన ఐఎన్‌జీ ఉంటే కంటిన్యువస్, రెండూ లేకపోతే సింపుల్. 'షీ హాడ్ బీన్ కుకింగ్' తీసుకోండి. మొదటిది హాడ్, అంటే పాస్ట్. దాని పక్కన బీన్, అది బీకి వీ-త్రీ కాబట్టి పర్ఫెక్ట్. బీన్ పక్కన కుకింగ్, అంటే కంటిన్యువస్. పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్, అంతే, టేబుల్ చూడకుండానే వచ్చేసింది. హావ్ ముందు, బీ తర్వాత, ఈ వరస ఎప్పుడూ తిరగబడదు. ఒక్క జాగ్రత్త, బీ పక్కన వీ-త్రీ కనిపిస్తే అది పాసివ్ వాయిస్, దాన్ని పర్ఫెక్ట్ అనుకోకండి.

ఇక ఫ్యూచర్ సంగతి. వెర్బ్ రూపం మారేది వాక్, వాక్డ్ అని ప్రెజెంట్‌కీ పాస్ట్‌కీ మాత్రమే, విల్ అనేది క్యాన్, మే లాంటి మోడల్ వెర్బ్, అంటే అసలు వెర్బ్ ముందు తోడుగా వచ్చేది, అందుకే చాలామంది గ్రామర్ వాళ్లు ఇంగ్లీషుకి ఫ్యూచర్ టెన్సే లేదంటారు. అంటే 2 టెన్సులు, ఒక్కోదానికి 4 రకాలు, మొత్తం 8, విల్‌తో ఇంకో 4 కలిపితే మన స్కూలు 12. ఇందులో వింతేం లేదు, మనం మాత్రం 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' రెంటికీ ఒకే మాట వాడట్లేదా?

మనం బోల్తా పడేది పర్ఫెక్ట్ దగ్గర. తెలుగులో 'నిన్న తిన్నాను' అన్నా, 'వద్దండీ, తిన్నాను' అన్నా మాట ఒకటే, ఇంగ్లీషులో మొదటిది ఐ ఏట్, రెండోది ఐ హావ్ ఈటెన్. నిన్న, పోయినేడు అని టైమ్ చెప్పేస్తే హావ్ తీసేయండి. నేను ఒక ఇంటర్వ్యూలో 'రెండేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నా'ని మక్కీకి మక్కీ దింపేసి 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్నా, ఎదుటాయన ఏమీ అనకుండా పేపర్ మీద ఏదో రాసుకున్నాడు. అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి, సిన్స్ పక్కన 2022 లాంటి మొదలైన టైమ్ రావాలి.