డీసీపీ2 క్యాప్‌ను ఎక్కడ కోసిందో ట్యూబులో తేల్చడం ఎలా

ఎంఆర్‌ఎన్‌ఏ 5-ప్రైమ్ చివర (మొదటి కొసన) మూడు ఫాస్ఫేట్‌ల వంతెనతో అతుక్కుని ఉండే మిథైల్ గ్వానోసిన్ టోపీనే క్యాప్ అంటారు. కణంలో దాన్ని తీసేసే ఎంజైములు చాలానే ఉన్నాయి. అన్నీ ఒకేచోట కొయ్యవు. వాటిలో ఒకటైన డీసీపీ2, ఆర్‌ఎన్‌ఏ వైపు నుంచి లెక్కిస్తే మొదటి, రెండో ఫాస్ఫేట్‌ల మధ్య కోస్తుంది. అప్పుడు ఎం7జీడీపీ (రెండు ఫాస్ఫేట్‌లున్న మిథైల్ గ్వానోసిన్) విడిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ 5-ప్రైమ్ చివర ఒకే ఫాస్ఫేట్ మిగులుతుంది. ఆ ఒంటి ఫాస్ఫేట్ దొరికితే చాలు, ఆ చివర నుంచి ఆర్‌ఎన్‌ఏను తినే ఎక్స్‌ఆర్‌ఎన్1 ఎంజైము మిగతాదంతా అరిగిస్తుంది. డీసీపీఎస్ అనే మరో ఎంజైము దారి వేరు. ఆర్‌ఎన్‌ఏను అరిగించే ఎక్సోజోమ్ అనే ప్రొటీన్ల గుంపు 3-ప్రైమ్ వైపు (చివరి కొస) నుంచి నమిలేశాక మిగిలిన పొట్టి ముక్కల మీద పనిచేసి, రెండో, మూడో ఫాస్ఫేట్‌ల మధ్య కోసి ఎం7జీఎంపీని (ఒకే ఫాస్ఫేట్ ఉన్నదాన్ని) వదులుతుంది. అందుకే ఉత్పత్తులను విడదీసే క్రొమటోగ్రఫీ ప్లేటు మీద చుక్క కదిలినంత మాత్రాన డీసీపీ2 పనిచేసిందని రాసుకోకూడదు.

క్యాప్‌కు హాట్ (రేడియోధార్మిక) లేబుల్

ఈ పద్ధతికి ఆల్ఫా స్థానంలో (గ్వానోసిన్‌కు అతుక్కున్న మొదటి ఫాస్ఫేట్‌లో) రేడియోధార్మిక ఫాస్ఫరస్ పి-32 ఉన్న జీటీపీ కావాలి. గామా (చివరి ఫాస్ఫేట్) లేబుల్ పనికిరాదు, క్యాప్ కట్టేటప్పుడు ఆ ఫాస్ఫేట్ పైరోఫాస్ఫేట్‌గా ఊడిపోతుంది. పి-32 అర్ధాయువు 14.3 రోజులు కాబట్టి ఆర్‌ఎన్‌ఏ, ఎంజైము సిద్ధమయ్యాకే ఆర్డర్ పెట్టండి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ప్రాంగణంలోని బ్రిట్ (అణుశక్తి శాఖ రేడియోఐసోటోపుల సంస్థ) వారి జోనాకి కేంద్రం ఇలాంటి లేబుల్ న్యూక్లియోటైడ్‌లకు పేరున్నదే. ల్యాబ్‌కు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి, ఎక్రిలిక్ షీల్డ్, గైగర్ కౌంటర్ లేకుండా ఈ పనికి దిగవద్దు.

ఆర్‌ఎన్‌ఏను టీ7 పాలిమరేజ్‌తో తయారు చేసుకోండి. వంద న్యూక్లియోటైడ్‌ల పొడవుంటే సౌకర్యం. 5-ప్రైమ్ చివర మూడు ఫాస్ఫేట్‌లు ఉండి తీరాలి, కాబట్టి ఫాస్ఫటేజ్ దరిదాపుల్లోకి రానివ్వకండి. ఎక్కువమంది దెబ్బతినేది ఆర్‌ఎన్‌ఏను శుభ్రం చేయడం దగ్గరే. 20 మైక్రోలీటర్ల ట్రాన్‌స్క్రిప్షన్‌లో జీటీపీ 2 మిల్లీమోలార్ ఉంటే మొత్తం 40 నానోమోల్‌లు. అందులో ఒక్క శాతం మిగిలినా 400 పికోమోల్‌లు. మీరు వేయబోయే హాట్ జీటీపీ 17 పికోమోల్‌లే. లేబుల్ పలచబడి సిగ్నల్ రాకపోతే క్యాపింగ్ ఎంజైమును తిట్టుకోకండి, ఆర్‌ఎన్‌ఏను యూరియా జెల్ నుంచి కోసి తీసుకోండి.

క్యాపింగ్ రియాక్షన్ 20 మైక్రోలీటర్లు (కింద విడిగా ఉన్న అంకెలన్నీ మైక్రోలీటర్లే):

- ఆర్‌ఎన్‌ఏ 10 పికోమోల్‌లు, నీటితో కలిపి 11 మైక్రోలీటర్లు (65 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేసి వెంటనే ఐస్‌లో పెట్టినది)
- పదింతల బఫర్ 2
- 2 మిల్లీమోలార్ ఎస్‌ఏఎం (క్యాప్‌కు మిథైల్ ఇచ్చేది) 1
- హాట్ జీటీపీ 5 (50 మైక్రోక్యూరీలు, 3000 క్యూరీ/మిల్లీమోల్)
- వాక్సీనియా క్యాపింగ్ ఎంజైము 1

37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, మిగిలిన జీటీపీని స్పిన్ కాలమ్‌తో తీసేయండి. ఎస్‌ఏఎంను అప్పటికప్పుడే పలచన చేయాలి. అది పాడైతే క్యాప్ పడుతుంది గానీ మిథైల్ పడదు, అలాంటి క్యాప్‌ను డీసీపీ2 సరిగా కొయ్యదు. అనుమానముంటే కొంచెం ఆర్‌ఎన్‌ఏను న్యూక్లియేజ్ పీ1తో జీర్ణం చేయండి. అది ట్రైఫాస్ఫేట్ వంతెనను ముట్టదు కాబట్టి ఎం7జీపీపీపీజీ పడిందో, ఉత్త జీపీపీపీజీ పడిందో ప్లేటు మీద తెలుస్తుంది.

డీక్యాపింగ్ రియాక్షన్

మనిషి డీసీపీ2కు బఫర్ ఇది: ట్రిస్ 10 మిల్లీమోలార్ (పీహెచ్ 7.5), పొటాషియం అసిటేట్ 100, మెగ్నీషియం అసిటేట్ 2, మాంగనీస్ క్లోరైడ్ 0.5, డీటీటీ 2, స్పెర్మిన్ 0.1, అన్నీ మిల్లీమోలార్‌లోనే. మాంగనీస్ స్టాక్ గోధుమరంగుకు తిరిగితే పారేయండి. 30 మైక్రోలీటర్ల రియాక్షన్ కట్టి 37 డిగ్రీల దగ్గర 0, 2, 5, 10, 30 నిమిషాలకు 4 మైక్రోలీటర్ల చొప్పున తీసి, 0.25 మోలార్ ఈడీటీఏ 1 మైక్రోలీటరులో కలపండి. పక్కనే రెండు ట్యూబులు తప్పనిసరి: ఒకటి ఎంజైము లేనిది, రెండోది 148వ గ్లూటమిక్ ఆమ్లాన్ని గ్లూటమిన్‌గా మార్చి పని చచ్చేలా చేసిన డీసీపీ2 మ్యూటెంట్‌ది. అసలు ప్రొటీన్‌ను శుద్ధిచేసిన పద్ధతిలోనే మ్యూటెంట్‌నూ శుద్ధి చేయాలి. మ్యూటెంట్ లేన్‌లోనూ చుక్క కదిలితే అది ప్రొటీన్‌ను తయారు చేయించిన బ్యాక్టీరియా నుంచి వెంట వచ్చిన ఎంజైము పని.

ప్లేటు

పీఈఐ-సెల్యులోజ్ ప్లేటును (పలుచని పొర క్రొమటోగ్రఫీకి వాడేది) ముందు నీటిలో ఒకసారి నడిపి ఆరబెట్టండి. అడుగు నుంచి 1.5 సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో లేతగా గీత గీసి, ఒక్కో నమూనాను అర మైక్రోలీటరు చొప్పున ఆరనిస్తూ పెట్టండి. ఒకేసారి పోస్తే చుక్క పరుచుకుపోతుంది. ట్యాంకులో 0.45 మోలార్ అమ్మోనియం సల్ఫేట్ (100 మిల్లీలీటర్లకు 5.95 గ్రాములు) అర సెంటీమీటరు లోతే ఉండాలి, గీత మునిగితే నమూనా ట్యాంకులోకి దిగిపోతుంది. ద్రవం పై అంచుకు 2 సెంటీమీటర్ల దూరంలోకి వచ్చాక తీసి ఆరబెట్టి, రేడియోధార్మిక చుక్కలను చిత్రంగా పట్టే ఫాస్ఫర్ స్క్రీన్‌కు పెట్టండి. పొడవాటి ఆర్‌ఎన్‌ఏ గీత దగ్గరే ఉండిపోతుంది.

లేబుల్ లేని ఎం7జీఎంపీ, ఎం7జీడీపీలను పక్క లేన్‌లలో పెట్టి 254 నానోమీటర్ల యూవీ కింద గుర్తించండి. అంతటితో తృప్తిపడవద్దు. వచ్చిన ఉత్పత్తిలో కొంత తీసి ఏటీపీ, మెగ్నీషియం, న్యూక్లియోసైడ్ డైఫాస్ఫేట్ కైనేజ్ (రెండు ఫాస్ఫేట్‌లున్నదానికి మూడోది తగిలించే ఎంజైము) కలపండి (ముందు కలిపిన ఈడీటీఏకు మించి మెగ్నీషియం ఉండాలి). చుక్క ఎం7జీటీపీ స్థానానికి జరిగితే అది నిజంగా ఎం7జీడీపీనే. ఎం7జీఎంపీ అయితే జరగదు. ఈ ఒక్క అడుగు లేని చిత్రాన్ని నేనైతే నమ్మను.

కోత శాతం: ఎం7జీడీపీ సిగ్నల్‌ను, దానికి గీత దగ్గరి సిగ్నల్ కలిపిన మొత్తంతో భాగించండి. గీత నుంచి పైకి తోకలా చార వస్తే అది ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైము) పని. క్యాపున్న పొట్టి ముక్కలు పైకి పాకుతున్నాయన్నమాట, ఆ లేన్ లెక్కకు పనికిరాదు.

కణాల ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తే

ఇక్కడ ఎం7జీఎంపీ చుక్క దాదాపు తప్పదు. డీసీపీఎస్ వల్ల కావచ్చు, ఫాస్ఫటేజ్ ఎం7జీడీపీని కొరికినందువల్ల కావచ్చు. లేబుల్ లేని ఎం7జీపీపీపీజీ కలిపితే డీసీపీఎస్ దాని మీద పడుతుంది, క్యాప్‌ను పట్టుకుని డీసీపీ2కు అడ్డుపడే ఈఐఎఫ్4ఈ ప్రొటీన్ కూడా పక్కకు తప్పుకుంటుంది. డీసీపీ2 ఆర్‌ఎన్‌ఏ ఒంటిని కూడా పట్టుకుంటుంది కాబట్టి ఆ పొట్టి అనలాగ్‌కు అంతగా లొంగదు. క్యాప్ లేని ఆర్‌ఎన్‌ఏ ఎక్కువైతే మాత్రం పని తగ్గుతుంది.

హాట్ ల్యాబ్ లేనివారికి

మామూలు క్యాప్ ఆర్‌ఎన్‌ఏతో డీక్యాపింగ్ జరిపి, కాలమ్‌తో శుద్ధిచేసి, ఎక్స్‌ఆర్‌ఎన్1 కలిపి యూరియా జెల్ మీద చూడండి. క్యాప్ ఊడిన ఆర్‌ఎన్‌ఏ మాయమవుతుంది. శుద్ధి మానేస్తే ఈడీటీఏ మెగ్నీషియంను లాగేసుకుని ఎక్స్‌ఆర్‌ఎన్1ను ఆపేస్తుంది, అప్పుడు డీసీపీ2 పనిచేయలేదన్న తప్పు జవాబు వస్తుంది. క్యాప్ పడకుండా మూడు ఫాస్ఫేట్‌లతో మిగిలిన ఆర్‌ఎన్‌ఏ కూడా ఎక్స్‌ఆర్‌ఎన్1కు లొంగదు కాబట్టి, ఆర్‌పీపీహెచ్‌తో (5-ప్రైమ్ చివర ఒకే ఫాస్ఫేట్ మిగిల్చే ఎంజైముతో) కోసిన ఆర్‌ఎన్‌ఏను పాజిటివ్ కంట్రోల్‌గా ప్రతి జెల్‌లోనూ నడపండి.